మందులు మాని వడ్డీ కట్టడం పొదుపు కాదమ్మా

ప్రొద్దుటూరు నుంచి ఒకావిడ రాశారు. వయసు 41. బరువు 118 కిలోలు, దానికి తోడు షుగర్ ఉండటంతో 2018లో బెంగళూరులో గ్యాస్ట్రిక్ బైపాస్ (పొట్టను చిన్నది చేసి, తిండిని పేగులోకి దారి మళ్ళించే ఆపరేషన్) చేయించుకున్నారట. బరువు తగ్గింది, షుగర్ అదుపులోకి వచ్చింది, కానీ అప్పటి నుంచి రక్తం పట్టడం లేదు, ఆరు నెలలకోసారి ఐరన్ డ్రిప్ ఎక్కించుకోవాల్సిందే. పోయిన సంవత్సరం లోపల పేగు ఇరుక్కుపోయి రాత్రికి రాత్రి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఇన్సూరెన్స్ లేదు కాబట్టి ఆ బిల్లుకు నూటికి రెండు రూపాయల వడ్డీకి 3 లక్షలు తెచ్చారు. భర్తకు బట్టల అంగడి, ఇంటికి నెలకు 45 వేలు వస్తుంది. మైదుకూరు రోడ్డులో ఉన్న మూడు సెంట్ల స్థలం అమ్మేయాలా అన్నది ఒక ప్రశ్న. పాత ఆపరేషన్ సంగతి రాయకుండా 10 లక్షల హెల్త్ పాలసీ ఇప్పిస్తానంటున్న ఏజెంట్ మాట వినొచ్చా అన్నది రెండోది. ఉత్తరం చివర, ఏదో మాటవరసకు అన్నట్టు, ఖర్చు తగ్గించుకుందామని ఏడాదిగా బి12 ఇంజెక్షన్ మానేశాను, అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి అని రాశారు.

అమ్మా, ముందు ఆ చివరి ముక్క దగ్గరే మొదలుపెడతాను. నేను డాక్టర్ని కాదు, కానీ బైపాస్ అయినవాళ్ళకు తిండిలోంచి బి12, ఐరన్ సరిగా ఒంటబట్టవని, అందుకే జీవితాంతం తీసుకోమంటారని మీకు మీ డాక్టరే చెప్పి ఉంటారు. బి12 చాలాకాలం తక్కువగా ఉంటే నరాలు దెబ్బతింటాయి, ఒక్కోసారి ఆ దెబ్బ తిరిగి బాగుకాదు కూడా. ఈ వారమే వెళ్ళి చూపించుకోండి. మీ ఇంటి ఖర్చుల్లో అన్నిటికంటే చవకైనదాన్ని పట్టుకుని మానేశారు మీరు.

మీరు పంపిన లెక్క కూడి చూశాను. మాత్రలూ ఇంజెక్షన్లూ నెలకు 2,800, ప్రొటీన్ పౌడర్ 1,500. ఐరన్ డ్రిప్ 9,000, రక్త పరీక్షలు 5,000, బెంగళూరు ప్రయాణం, డాక్టర్ ఫీజు కలిపి 6,000, ఈ మూడూ ఏడాదికి రెండుసార్లు. మొత్తం 91,600, అంటే నెలకు సుమారు 7,600. ఇది అనుకోకుండా వచ్చిపడే ఖర్చు కాదమ్మా, అంగడి అద్దె లాంటిది, ప్రతి నెలా వస్తుంది, వస్తూనే ఉంటుంది. కానీ మీ ఇంట్లో దీనికి పద్దు లేదు, ఒక నెల కిరాణాలో మిగిల్చి, ఇంకో నెల అక్క దగ్గర తెచ్చి నడిపిస్తున్నారు, మీ ఆయనకు పూర్తి మొత్తం తెలియదు. "ఒళ్ళు తగ్గడానికి లక్షలు తగలేసింది" అని అత్తగారు అంటారని భయం, అర్థమైంది. అయినా ఆయన్ని కూర్చోబెట్టి ఈ కాగితం చూపించక తప్పదు. షుగర్ కోసం చేయించుకున్న ఆపరేషన్‌కి సిగ్గుపడటమెందుకో నాకైతే తెలియదు.

ఇప్పుడు వడ్డీ. 3 లక్షలకు నూటికి రెండు అంటే నెలకు 6,000, ఏడాదికి 24 శాతం. ఇంట్లో పది తులాల బంగారం బీరువాలో ఉందని మీరే రాశారు. అది బ్యాంకులో పెట్టి 3 లక్షలు తీసుకుంటే, 9.5 శాతం అనుకున్నా నెలకు 2,400 లోపే పడుతుంది. నెలకు 3,600 మిగిలింది, మీ వైద్యం ఖర్చులో దాదాపు సగం. బంగారం తాకట్టు పెడితే పరువు పోతుందంటారు, బయటివాడికి నెలనెలా 6,000 ఇస్తుంటే పోవడం లేదా? వచ్చే ఉగాదికి ముగిసే 3 లక్షల చీటి ఉందన్నారు కదా, తొందరపడి ఇప్పుడే పాట పాడి తక్కువకు తెచ్చుకోకండి, చివరిదాకా ఉండి ఆ డబ్బుతో బంగారం విడిపించుకోండి. స్థలం జోలికి వెళ్ళాల్సిన పనే లేదు. అవసరంలో ఉన్నారని తెలిస్తే మన ఊళ్ళో ఎంతకు అడుగుతారో మీకు తెలియంది కాదు.

ఏజెంట్ మాటకొద్దాం. ఐదేళ్ళు దాటితే కంపెనీ ఏమీ అడగదని చెప్పి ఉంటాడు. 2024లో ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ ఆ గడువును ఎనిమిదేళ్ళ నుంచి ఐదేళ్ళకు తగ్గించిన మాట నిజమే, కానీ మోసం అని రుజువైతే ఆ రక్షణ ఉండదు. పైగా మీకు ఐదేళ్ళదాకా ఆగే జబ్బా ఇది? రేపు కడుపునొప్పితో చేరితే డ్యూటీ డాక్టర్ కేస్ షీట్‌లో మొదట రాసేదే "2018లో గ్యాస్ట్రిక్ బైపాస్" అని, పొట్ట మీద కుట్ల గుర్తులు ఉండనే ఉన్నాయి. క్లెయిమ్ పోతుంది, పాలసీ రద్దవుతుంది, అందరికీ కలిపి తీసుకుంటే పిల్లలకూ చిక్కే.

ఆయనకూ పిల్లలకూ కలిపి ఒక ఫ్లోటర్ (అందరూ కలిసి వాడుకునే ఒకే పాలసీ), మీకు విడిగా ఒక పాలసీ తీసుకోండి. మీ ఫారంలో బైపాస్, పోయినేటి ఆపరేషన్, ఐరన్ డ్రిప్ అన్నీ రాసి డిశ్చార్జ్ సమ్మరీలు జతచేయండి. ఒక కంపెనీ కాదనొచ్చు, ఇంకోటి ప్రీమియం పెంచొచ్చు, నాలుగైదు చోట్ల అడగాలి. ముందునుంచి ఉన్న జబ్బులకు క్లెయిమ్ ఇవ్వకుండా ఆపే వెయిటింగ్ గడువు ఇప్పుడు గరిష్ఠంగా మూడేళ్ళే. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి పాలసీలకు జీఎస్టీ కూడా లేదు. మాత్రలు, పరీక్షలు మాత్రం చాలా పాలసీల్లో రావు, అవి మీ జేబులోంచే. బియ్యం కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ, అదే మన ఆరోగ్యశ్రీ, ఏయే ఆపరేషన్లకు వర్తిస్తుందో ఆసుపత్రిలో ఆ పథకం సహాయకులను ఇప్పుడే అడిగి పెట్టుకోండి. అన్నట్టు, ఆయన పేరు మీద టర్మ్ పాలసీ, అంటే ఆయనకేమైనా అయితే ఇంటికి డబ్బొచ్చే పాలసీ, ఉందో లేదో రాయలేదు. ఇల్లు నడిచేది ఆ అంగడి మీదే.

ఖర్చు తగ్గించే దారులు వేరే ఉన్నాయి. పరీక్షలు ప్రొద్దుటూరులోనే చేయించి రిపోర్టులు వాట్సాప్‌లో పంపితే చూస్తారేమో బెంగళూరు డాక్టర్ని అడగండి, ఒక ప్రయాణం తప్పుతుంది. జన ఔషధి షాపులో మందులు చవకే, కానీ కాల్షియం విషయంలో జాగ్రత్త, బైపాస్ అయినవాళ్ళకు ఎక్కువగా సిట్రేట్ రకం రాస్తారు, షాపులో మామూలుగా చేతికిచ్చేది కార్బొనేట్. నొప్పి మాత్రలు కూడా మీ అంతట మీరు కొనుక్కోకండి, కొన్నింటితో బైపాస్ కుట్టు దగ్గర పుండు పడుతుంది, అది మళ్ళీ ఆసుపత్రి బిల్లు.

మిగిలే 3,600లో నెలకు 2,000 మీ పేరు మీదే ఆర్‌డీ కట్టండి, వైద్యానికి తప్ప ముట్టకూడదు. ఇన్సూరెన్స్ ఫారం మీద సంతకం పెట్టేముందు ఫోటో తీసి నాకు పంపండి, ఏజెంట్ ఎక్కడెక్కడ "లేదు" అని టిక్ పెట్టాడో చూసి చెబుతాను.