రాడార్ ఉంది కదా అని పొగమంచులోకి పోవచ్చా?

మొన్న ఆదివారం పాట్‌లక్‌లో ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, ఇరవై ఆరు అడుగుల సెకండ్ హ్యాండ్ బోటు కొన్నాను. రాడార్ కూడా ఉంది. ఇక పొగమంచున్నా వెళ్లొచ్చు కదా?" చేతిలో పులిహోర ప్లేటుతో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఈ జవాబు.

సియాటెల్‌లో ఎండాకాలం చివర, పొద్దున్నే నీళ్ల మీద పొగమంచు దిగుతుంది. నేనూ బోటింగ్‌లో మూడో ఏడాది నీలాంటి ధీమాతోనే ఇక్కడి షిల్‌షోల్ రేవు నుంచి అవతలి ఒడ్డున ఉన్న కింగ్‌స్టన్ బయల్దేరాను. స్క్రీన్ మీద కుడివైపు ముందు ఒక చుక్క. "ఇంకా రెండు మైళ్లుంది, పోతుందిలే" అనుకున్నాను. పోలేదు. మా ఆవిడే అడిగింది, "ఆ చుక్క ఎంతసేపైనా ఆ గీత మీదే ఉందేంటి?" అని. అది ఎడ్మండ్స్ నుంచి వస్తున్న ఫెర్రీ. ఇంజన్ తగ్గించి ఆగాను. ముందు హారన్ వినిపించింది, తర్వాతే తెల్లటి గోడలాంటి ఓడ కనిపించింది.

రాడార్‌లో మొదట నేర్చుకోవలసింది ఆ గీత సంగతే. బేరింగ్ గీతను, అంటే స్క్రీన్ మీద మన బోటు నుంచి ఏ దిక్కుకైనా తిప్పుకోగల గీతను, చుక్క మీద పెట్టి చూడు. దూరం తగ్గుతూ, చుక్క మాత్రం గీత దాటకుండా ఉంటే అది నీ మీదికే వస్తోంది. గీతకు ముందుకో వెనక్కో బాగా జరుగుతుంటే నీకు తగలకుండా పోతుంది. రెండుమూడు సార్లు, కాస్త ఎడం ఇచ్చి చూడాలి. అరకొర రాడార్ సమాచారంతో అంచనాకు రావద్దని, ఓడలు ఢీకొనకుండా పెట్టిన అంతర్జాతీయ నిబంధనల్లో ఏడోది చెప్పేది ఇదే. 1956లో అమెరికా తూర్పు తీరంలోని నాంటకెట్ దీవి దగ్గర ఢీకొన్న ఆండ్రియా డోరియా, స్టాక్‌హోమ్ ఓడలు రెండింటికీ రాడార్ ఉంది. 51 మంది పోయారు.

ఇంకో పొరపాటు, పొగమంచులోనూ "కుడివైపు వాడిదే దారి" అనుకోవడం. ఒకరికొకరు కనబడనప్పుడు ఆ లెక్క లేదు, పంతొమ్మిదో నిబంధన వస్తుంది. ముందువైపు ఉన్న ఓడను తప్పించడానికి ఎడమకు తిప్పడం వీలైనంత వరకు మానాలి. ఏం తోచకపోతే వేగం బాగా తగ్గించు, అవసరమైతే ఆగిపో. కదులుతున్న మోటారు బోటు రెండు నిమిషాలకు మించకుండా ఒక పొడుగు హారన్ ఇవ్వాలి. లంగరు వేయకుండా, కదలకుండా ఆగి ఉంటే రెండు.

రాడార్ చూడలేనివీ ఉన్నాయి. కయాక్, చెక్క పడవ, మనలాంటి ఫైబర్ బోటు బలంగా కనిపించవు. అలల చుక్కలు చికాకని వాటిని తగ్గించే సీ క్లట్టర్ మీట ఎక్కువ తిప్పావా, ఆ కయాక్ కూడా మాయమవుతుంది. చిన్న డోమ్ (రాడార్ యాంటెన్నా ఉండే గుండ్రటి డబ్బా) కిరణం వెడల్పుగా ఉంటుంది కాబట్టి దూరంలో పక్కపక్కనున్న రెండు బోట్లు ఒకటిగా కనబడతాయి. వేగంగా పోతే ముక్కు లేస్తుంది, దాంతో డోమ్ కూడా ఆకాశం వైపు చూస్తుంది. ఆ స్పీడు పొగమంచులో ఎలాగూ తగదు. ఒక మనిషిని ముందు నిలబెట్టి వినమను. మా ఇంట్లో ఆ ఉద్యోగం మా ఆవిడది, జీతం అడగదు.

ఇవన్నీ ఎండ కాసే రోజునే నేర్చుకో. సూటిగా ఎదురుగా ఉన్న బోయా (నీళ్లలో తేలే గుర్తు) స్క్రీన్ మీద బోటు ముక్కు వైపు చూపే గీత మీద పడుతోందా? లేకపోతే డోమ్ వంకరగా బిగించారు, లేదా సెట్టింగ్ సరిగ్గా లేదు. గెయిన్ (చుక్కలను ఎంత బలంగా చూపాలో ఆ మీట) తగ్గించి పెంచి చూడు. బోటర్ ఎడ్యుకేషన్ కార్డు తెచ్చుకున్నంత మాత్రాన ఇది రాదు. మన వాషింగ్టన్ రాష్ట్రంలో 1955 జనవరి 1న, ఆ తర్వాత పుట్టినవాళ్లు 15 హార్స్‌పవర్, ఆపైన ఇంజన్ నడపాలంటే ఆ కార్డు ఉండాలి, అది వేరే సంగతి.

శాన్ యువాన్ దీవులు దాటి కెనడాలోని విక్టోరియా వెళ్దామనుకుంటే రెండు చూసుకో. గ్రీన్‌కార్డు రానివాళ్లు ఇండియన్ పాస్‌పోర్టుతో వెళ్తే కెనడా వీసా కావాలి. ఇక్కడి నీళ్లలో రాడార్‌కూ రేడియోకూ అక్కర్లేని రేడియో స్టేషన్ లైసెన్సు, అక్కడి రేవుకు వెళ్లాలంటే ఎఫ్‌సీసీ (అమెరికా కమ్యూనికేషన్ల సంస్థ) దగ్గర తీసుకోవాలి.