రూలు అప్పజెబుతాడు, పరీక్షలో మర్చిపోతాడు

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక తల్లి రాశారు. అబ్బాయికి పదహారేళ్లు, ప్లస్ టూ సైన్స్ మొదటి ఏడాది. లెక్కలు బాగానే వస్తాయి. కానీ మాక్ టెస్టులో ‘సరికానిది ఏది’ అంటే సరైనది గుర్తిస్తాడు, మైనస్ మార్కులని తెలిసీ తోచినవన్నీ నింపేస్తాడు. తల్లి పరీక్ష గేటు దాకా వెళ్లి అన్నీ గుర్తుచేసినా అంతే. ‘వేగం లేదు, ఐక్యూ తక్కువ’ అన్నారట ట్యూషన్ సారు. నాన్నగారు బ్రెయిన్ ట్రైనింగ్ కోర్సు అంటున్నారు. జేఈఈ మానిపించి బ్యాంకు పరీక్షల వైపు పంపాలా అని ఆమె ప్రశ్న.

అమ్మా, రాయగడ, బరంపురం, గుణుపురం, ఎక్కడి నుంచి వచ్చినా ఉత్తరం ఇదే. అడిగేది కోర్సు గురించి, లోపలి భయం ‘మావాడు మొద్దా’ అని. కాదు.

రూలు తెలియడం వేరు, అవసరమైన క్షణంలో అది గుర్తుకు రావడం వేరు. 1996లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్త జాన్ డంకన్ ఒక పరీక్ష పెట్టారు. తెర మీద రెండు వరసల్లో అక్షరాలు, అంకెలు వస్తుంటాయి. ఒక వైపు అక్షరాలే చదవాలి. మధ్యలో ప్లస్ గుర్తు వస్తే కుడి వరస, మైనస్ వస్తే ఎడమ వరస. కొందరు ఆ గుర్తును అసలు పట్టించుకోలేదు. తర్వాత అడిగితే రూలు మాత్రం తప్పు లేకుండా చెప్పారు! తెలివి పరీక్షల్లో తక్కువ మార్కులు వచ్చినవాళ్లలో ఇది ఎక్కువ, ఆ మాట దాచను. అయితే 2008లో డంకన్ బృందమే ఇంకోటి తేల్చింది. మొదట్లో ఎక్కువ నియమాలు ఒకేసారి చెబితే పొరపాటు పెరుగుతుంది, అందులో కొన్ని అప్పటికి అక్కర్లేనివైనా సరే.

ఇప్పుడు చెప్పండి, గేటు దగ్గర మీరు చేస్తున్నదేమిటి? కోప్పడుతున్నాననుకోకండి, కోప్పడుతున్నాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పేపరు ఇంగ్లీషు. ఆ బరువు మీద మీ పది జాగ్రత్తలు కూడానా?

ఇక ట్యూషన్ సారు అన్న వేగం సంగతి. బుర్ర పనిచేసే వేగం చిన్నప్పుడు జోరుగా పెరిగి, పదిహేనూ పదహారేళ్లకు పెద్దవాళ్లకు దగ్గరగా వస్తుంది, ఇరవైలు దాటాక మెల్లగా తగ్గుతుంది. నాన్నగారికి నలభై దాటి ఉంటే, గుర్తులు జతచేసే వేగ పరీక్షలో కొడుకే గెలుస్తాడేమో, కూర్చోబెట్టి చూడండి.

బ్రెయిన్ ట్రైనింగ్ మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. ఆడిన ఆటలో నేర్పు వస్తుంది, చదువుకు అది పెద్దగా పనికొచ్చినట్టు నేను చూడలేదు. అమెరికాలో లుమోసిటీ అనే బ్రెయిన్ ట్రైనింగ్ ఆటలు నడిపే కంపెనీ, ప్రకటనల్లో మోసం చేసిందన్న అభియోగం మీద 2016లో 20 లక్షల డాలర్లు కట్టి రాజీపడింది. ఆ ఫీజు డబ్బుతో పిల్లాడికి మంచి కుర్చీ, బల్ల కొనండి.

బ్యాంకు మాటకొస్తే, ఎస్‌బీఐ క్లర్క్ ప్రిలిమ్స్‌లో 60 నిమిషాలకు 100 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి 36 సెకన్లు. జేఈఈ మెయిన్‌లో మూడు గంటలకు 75. వేగం లేదని చెప్పి ఇంకా వేగం కావాల్సిన చోటికి పంపుతారా? జేఈఈ మెయిన్ పేపరు ఒడియాలో కూడా తీసుకోవచ్చు, అదీ ఆలోచించండి.

ఒక్కో మాక్ టెస్టుకు ఒక్క రూలే ఇవ్వండి. ఈ వారం ‘కానిది’ అన్న మాట కింద గీత గీయడం, అంతే. మార్కులు అడగొద్దు. అది అలవాటయ్యాక మైనస్ మార్కుల సంగతి. ఐదు టెస్టులయ్యాక ఆ కాగితాలతో రండి, జేఈఈ ఉంచాలా వద్దా అప్పుడు చూద్దాం. నాన్నగారినీ తీసుకురండి.