మోకాలు చాపితే పైన, వంచితే కింద: పిక్క ఎందుకిలా లాగుతుంది?

గోడ పట్టుకుని స్ట్రెచ్ చేసేటప్పుడు మోకాలు నిటారుగా ఉంచితే పిక్క పైభాగం లాగుతోంది, కాస్త వంచితే మడమకు కొంచెం పైన లాగుతోంది, ఏది కరెక్ట్, జిమ్‌లో కూర్చుని మడమలెత్తితే పిక్కలు పెరుగుతాయా అని అడిగారు కదా. రెండు స్ట్రెచ్‌లూ కరెక్టేనండి, కాకపోతే అవి వేర్వేరు కండరాలకు.

నేను ఫిజియోథెరపిస్టుని. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి 1600 మీటర్ల పరుగు ప్రాక్టీస్ చేస్తూ పిక్క పట్టేసిందని వచ్చే కుర్రాళ్లను నోటిఫికేషన్ పడ్డప్పుడల్లా చూస్తుంటాను. పిక్కలో పైకి ఉబ్బెత్తుగా కనిపించేది గ్యాస్ట్రోక్నీమియస్, అది తొడ ఎముక కింది చివర మొదలవుతుంది, అంటే మోకాలినీ చీలమండనీ రెండింటినీ దాటుతుంది. దాని కింద పరుచుకుని ఉండే సోలియస్ మోకాలి కింది ఎముకల నుంచే మొదలవుతుంది కాబట్టి మోకాలు ఎలా ఉన్నా దానికి పట్టింపు లేదు. రెండూ కలిసి ఒకే ఎకిలీస్ టెండన్‌గా, అంటే మడమ వెనక తాడులా తగిలే గట్టి నరంలాంటి పట్టీగా, మడమకు అతుక్కుంటాయి. మోకాలు వంచగానే పై కండరం రెండు చివరలూ దగ్గరకొచ్చి వదులైన తాడులా అయిపోతుంది, ఇక అది గట్టిగా లాగలేదు, భారం చాలావరకు సోలియస్ మీద పడుతుంది.

మీ జిమ్ ప్రశ్నకు జవాబు కూడా ఇదే. 2023లో జపాన్ పరిశోధకులు కొంతమందితో, ప్రతి ఒక్కరికీ ఒక కాలితో నిలబడి, రెండో కాలితో కూర్చుని మడమలెత్తే వ్యాయామం 12 వారాలు చేయించారు. నిలబడి చేసిన కాలిలో గ్యాస్ట్రోక్నీమియస్ బయటి భాగం సుమారు 12 శాతం, లోపలి భాగం 9 శాతం పెరిగాయి, కూర్చుని చేసిన కాలిలో 2 శాతం కూడా లేదు. సోలియస్ మాత్రం రెండు కాళ్లలోనూ ఇంచుమించు ఒకేలా పెరిగింది. కాబట్టి పిక్క కనబడాలంటే నిలబడే చేయండి, మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి మడమను మెట్టు కంటే కిందికి దిగనిచ్చి మరీ లేవండి. అలాగని సోలియస్‌ని చిన్నచూపు చూడకండి, పరుగులో పాదం నేలమీద ఉన్నంతసేపూ మోకాలు కొంత వంగే ఉంటుంది, అప్పుడు ఎక్కువ భారం మోసేది అదే, అందుకే పరిగెత్తేవాళ్లకు మోకాలు వంచి చేసే వ్యాయామం కూడా తప్పకుండా చెప్తాను.

ఏది బిగుసుకుందో ఇంట్లోనే చూసుకోవచ్చు. కాళ్లు చాపి కూర్చుని టవల్‌తో పాదం ముందుభాగాన్ని మీవైపు లాక్కోండి, తర్వాత మోకాలి కింద దిండు పెట్టి మళ్లీ లాగండి. వంచినప్పుడు పాదం బాగా ఎక్కువ వస్తే పై కండరం బిగుసుకున్నట్టు, రెండుసార్లూ రాకపోతే సోలియస్సో కీలో చూడాలి, మరీ చీలమండ ముందువైపు నొక్కినట్టుంటే కీలు మీదే అనుమానం. మావాళ్లలో చాలామంది "నేను హాయిగా గొంతుక్కూర్చుంటాను, నాకు బిగుతేముంది" అంటారు, కానీ గొంతుక్కూర్చున్నప్పుడు మోకాలు పూర్తిగా ముడుచుకుని ఉంటుంది, అక్కడ పై కండరానికి పరీక్షే లేదు. రోజూ అలా కూర్చునే ఒక పెద్దాయనకే మోకాలు చాపించి చూస్తే పాదం నిలువు దాటి అంగుళం కూడా రాలేదు.

రాత్రిపూట పిక్క పట్టేసినప్పుడు కూడా ఇదే సూత్రం: మోకాలు ముడుచుకుని పిక్క పిసుక్కోవడం కంటే మోకాలు పూర్తిగా చాపి వేళ్లను మీవైపు లాగండి, చాలాసార్లు త్వరగా వదులుతుంది. ఒక పిక్కే ఉన్నట్టుండి వాచి, వెచ్చగా ఉండి నొప్పిగా ఉంటే మాత్రం స్ట్రెచ్‌లూ మసాజ్‌లూ పెట్టుకోకుండా ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు.