గీతలు నిండుగా ఉన్నా వీడియో కదలదెందుకు?

ప్రశ్న: మాది పాడేరు దగ్గర కొండ మీది ఊరు. సెల్‌లో గీతలు నాలుగూ ఉంటాయి. అయినా సాయంత్రమైతే అమ్మాయి పాఠాల వీడియోలో సున్నా తిరుగుతూనే ఉంటుంది. అదే సిమ్ విశాఖలో బాగా పనిచేస్తోంది. రీఛార్జి మాత్రం ఎక్కడైనా ఒకటే. తప్పు ఫోన్‌దా, టవర్‌దా?
– ఒక పాఠకురాలు

జవాబు: చాలావరకు టవర్‌దేనండి. మీ ఫోన్‌కు టవర్ ఎంత బాగా అందుతోందో గీతలు చెబుతాయి, అంతే. ఆ టవర్ నుంచి వెనక్కి, ఇంటర్నెట్ వైపు వెళ్లే దారి సంగతి వాటికి తెలియదు. నగరంలో ఆ దారి ఎక్కువగా ఫైబర్. కొండల్లో చాలాచోట్ల డిష్ నుంచి డిష్‌కు వైరు లేకుండా నడిచే మైక్రోవేవ్ లింకే దిక్కు. పైగా ఒక్క టవర్ మీద నాలుగైదు ఊళ్లు. దూరం అందాలని 850, 900 మెగాహెర్ట్జ్ బ్యాండ్లు (రేడియో తరంగాల శ్రేణులు) పెడతారు. అవి చెట్లూ గోడలూ దాటి వస్తాయి గానీ బాట సన్నం. ఒక్కో కంపెనీకి అక్కడ ఉండే బాట వెడల్పు 5, 10 మెగాహెర్ట్జ్. నగరంలో వాడే 2300 బ్యాండ్‌లో 20 నుంచి 40 ఉంటుంది. డబ్బులు సమానం, బాట కాదు.

తెల్లవారుజామున 5కీ, రాత్రి 8కీ స్పీడ్ టెస్ట్ చేసి చూడండి. పొద్దున బాగుండి రాత్రి పడిపోతే అది రద్దీ, ఫోన్ మార్చినా లాభం లేదు. రెండుసార్లూ నీరసమైతే *#*#4636#*#* కొట్టండి (కొన్ని ఫోన్లలో తెరుచుకోదు). సిగ్నల్ దగ్గర -95 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత) ఉంటే ఫర్వాలేదు. -110 కంటే దిగజారితే (-115, -120 అలా) గీతలు ఎన్ని కనబడ్డా బలహీనమే. రోజువారీ డేటా అయిపోయిందేమో కూడా చూసుకోండి. అయిపోతే వేగం 64 కేబీపీఎస్‌కు దిగుతుంది, 1 ఎంబీ ఫొటోకు రెండు నిమిషాల పైమాటే. పాఠాలను 360పిలో (తక్కువ డేటా తినే వీడియో నాణ్యత) తెల్లవారుజామునే డౌన్‌లోడ్ చేసి ఉంచుకోవడం మేలు.

కంపెనీ ఫిర్యాదుల నంబరు 198కి ఫోన్ చేసేటప్పుడు ‘సిగ్నల్ లేదు’ అనకండి, ఉందని చూసి మూసేస్తారు. ‘సిగ్నల్ ఉంది, డేటా కదలడం లేదు’ అని ఊరు, వేళ, స్పీడ్ చెప్పి డాకెట్ నంబరు (ఫిర్యాదు సంఖ్య) రాసుకోండి. పరిష్కరించకుండా మూసేస్తే ఆ నంబరుతో కంపెనీ అప్పీలు విభాగానికి వెళ్లవచ్చు, రుసుము లేదు.

ప్రశ్న: మా ఊళ్లో బీఎస్‌ఎన్‌ఎల్ 4జీ టవర్ వేశారు. పక్కింటివాళ్లకు వస్తోంది, నా పాత ఫోన్‌కు రావడం లేదు. ఎందుకని?

జవాబు: బీఎస్‌ఎన్‌ఎల్ 4జీకి 700 మెగాహెర్ట్జ్ కూడా వాడుతోంది. ఫోన్ వివరాల్లో దాని పేరు బి28. చవకరకం పాత ఫోన్లు చాలావాటిలో ఇది ఉండదు, సెట్టింగులు ఎంత మార్చినా రాదు. సెకండ్‌హ్యాండ్ కొన్నా ముందు బి28 ఉందేమో చూడండి. పాత 3జీ సిమ్ అయితే దాన్నీ 4జీకి మార్పించుకోవాలి. ముందు మీ సిమ్‌ను పక్కింటి ఫోన్‌లో వేసి చూస్తే లోపం ఎందులోనో తేలిపోతుంది.