ఆఖరి క్వార్టర్‌లో కూలబడుతున్న జట్టు: సమాధానం

అన్నా, మీ కావలి బాస్కెట్‌బాల్ జట్టు పిల్లలు మూడో క్వార్టర్ దాకా ముందుండి ఆఖర్లో చేతులెత్తేస్తున్నారని రాశారు. పదిమంది ఉన్నా ఆరుగురితోనే నెట్టుకొస్తున్నామన్నారు గదా, చిక్కంతా అక్కడే ఉంది.

10 నిమిషాల క్వార్టర్లు 4, కోర్టులో ఐదుగురు. అంటే పంచాల్సినవి 200 నిమిషాలు. ఆరుగురికే పంచితే తలా 33 నిమిషాల పైమాటే. మన ఎండకి సిమెంటు కోర్టు మీద అది పిల్లల వల్ల కాదు. ఎనిమిది మందికి పంచితే తలా 25.

అలిసిపోయాక కాదు, అలిసేలోపే బయటికి పిలవండి. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగుతున్నాడా? ఫ్రీత్రో (ఫౌల్ అయినప్పుడు ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్) రింగు ముందు అంచుకే కొట్టుకుంటోందా? కాళ్లల్లో సత్తువ అయిపోయినట్టే, అప్పటికే ఆలస్యం చేశారు. బంతిని నడిపించే మీ పాయింట్ గార్డూ, ఆ పొడుగు పిల్లోడూ ఇద్దరూ ఒకేసారి బెంచీ మీద ఉండకూడదు. ఒకరు బయటికొస్తే ఇంకొకరు లోపల ఉండాల్సిందే. ఎవడికైనా మొదటి సగంలోనే మూడు ఫౌళ్లు పడితే వాణ్ని కూర్చోబెట్టండి, ఐదోది పడితే ఇక ఆటలోకి రాలేడు.

బెంచీ పిల్లలకి ముందే చెప్పండి: "రెండో క్వార్టర్ మొదట్లో నువ్వెళ్తావు, వాళ్ల ఏడో నంబర్‌ని వదలొద్దు" అని. ఒంగోలులో ఒక మ్యాచ్‌లో మా వాణ్ని మూడు క్వార్టర్లు కూర్చోబెట్టి, ఆఖర్లో ఉన్నట్టుండి పంపాను. మొదటి పాసే గీత దాటి పోయింది. వాడు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. తప్పు వాడిది కాదన్నా, నాది.