పక్షవాతం వచ్చిన వారంలోపే ఫిట్స్ వస్తే జీవితాంతం మందులు వాడాలా?

అన్నా, మీ నాన్నగారికి పక్షవాతం వచ్చిన రెండో రోజే ఫిట్స్ వచ్చాయి, ఇక ఇది జీవితాంతం వదలని మూర్ఛేనా అని కదా మీ టెన్షన్. అలా అనుకోనక్కర్లేదు.

మాది కావలి. మా అమ్మకి ఎడమవైపు పడిపోతే నెల్లూరు తీసుకెళ్లి ఐసీయూలో పెట్టాం. వారం తిరగకముందే ఒక సాయంత్రం మూతి పక్కకు లాగి, పడిపోయిన చెయ్యే టకటకా కొట్టుకుంది. చెయ్యి కదులుతోందని మా పిన్ని సంబరపడింది కూడా! సిస్టర్ పరిగెత్తుకొచ్చాక గానీ అవి ఫిట్స్ అని తెలియలేదు. ఆ తర్వాత చెయ్యి ఇంకా వాలిపోయింది. మళ్లీ స్ట్రోక్ వచ్చిందేమోనని హడలిపోయాం. ఫిట్స్ తర్వాత కొన్ని గంటలు, ఒక్కోసారి ఒకటి రెండు రోజులు అలా ఉండొచ్చన్నారు డాక్టరు. అయినా సీటీ స్కాన్ మళ్లీ తీశారు. సోడియం, షుగర్ కూడా చూశారు, అవి పడిపోయినా ఫిట్స్ వస్తాయట.

అసలు తేడా 7 రోజుల దగ్గర ఉంది. ఆ లోపు వచ్చేవి మెదడుకి అప్పుడే తగిలిన దెబ్బ వల్ల. రక్తనాళం చిట్లినవాళ్లకీ, మెదడు పైపొర దెబ్బతిన్నవాళ్లకీ ఎక్కువ. ఆ తర్వాత వచ్చేవి మానిన మచ్చ నుంచి పుడతాయి, అవి తిరగబెట్టే అవకాశం చాలా ఎక్కువ కాబట్టి మందులు ఏళ్ల తరబడి వాడాల్సి వస్తుంది. మొదటి రకానికి చాలామందికి కొంతకాలం ఇచ్చి, మెల్లగా తగ్గించి ఆపేస్తారు. అమ్మకి లెవెటిరాసెటమ్ అనే ఫిట్స్ మందు అలాగే ఆపారు.

మందు ఎప్పటిదాకా వాడాలో డిశ్చార్జ్ రోజే అడిగి చీటీలో రాయించుకోండి. మన దగ్గర పాత చీటీ చూపిస్తే మెడికల్ షాపులో ఇస్తూనే ఉంటారు, ఆపమనే నాథుడుండడు. అలాగని మీ అంతట మీరు మాత్రం ఆపకండి.

ఇంట్లో మళ్లీ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు, నోట్లో స్పూను, ముఖాన నీళ్లు ఏమీ వద్దు, పెద్దవాళ్లు ఎంత చెప్పినా సరే. టైం చూడండి. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే ఇంకోసారి వచ్చినా 108కి ఫోన్ చేయండి. వీలైతే ఒకరు ఫోన్‌లో వీడియో తీయండి. ఏ వైపు మొదలైంది, ఎంతసేపు ఉంది అన్నదే న్యూరో డాక్టరు ముందుగా అడుగుతారు.