జీపీఎఫ్‌లో పడిన డీఏ అరియర్స్‌కి పన్ను కోయలేదు, ఇప్పుడు వడ్డీతో సహా జీతంలో పట్టుకుంటారా?

సందేహం: మాది గుంటూరు, జెడ్పీ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్‌ని. 2024-25లో లక్ష రూపాయల డీఏ అరియర్స్ (కరువు భత్యం బకాయిలు) జీపీఎఫ్‌లో (భవిష్య నిధి ఖాతాలో) జమయ్యాయి. చేతికి రాలేదు కదా అని ఐటీ స్టేట్‌మెంట్‌లో చూపలేదు. ఫారం 16 అలాగే వచ్చింది, రిటర్న్ కూడా అలాగే వేశాను. ఇప్పుడు టీడీఎస్ (జీతంలోనే కోసే పన్ను) నోటీసు వచ్చిందని మా హెచ్ఎం గారు పన్ను, వడ్డీ మొత్తం వచ్చే నెల జీతంలో కోస్తాం, ఒప్పుకుంటూ కాగితం రాసివ్వమంటున్నారు. ఇవ్వాలా?

జవాబు: ఆ కాగితం మీద సంతకం పెట్టకండి మాస్టారూ. అలాగని పన్ను తప్పిందనుకోకండి, అది మీరే కట్టాలి, కాకపోతే కట్టే దారి ఇది కాదు.

జీపీఎఫ్‌లో పడినా జీతం జీతమే. ఫిబ్రవరి బిల్లు హడావుడిలో స్టాఫ్‌రూమ్‌లో చేతులు మారే ఎక్సెల్ షీట్‌లో అరియర్స్ గడి ఖాళీగా వదిలేసేది మీరొక్కరే కాదు లెండి. కొత్త పన్ను విధానంలో ఉంటే జీపీఎఫ్ లాంటి పొదుపుకిచ్చే 80సీ తగ్గింపూ రాదు, కాబట్టి 20 శాతం స్లాబులో ఉన్నవాళ్లకి లక్ష మీద సెస్సుతో కలిపి 20,800 పడుతుంది.

తక్కువ కోసింది తర్వాతి నెలల్లో సరిచేసుకునే వీలు సెక్షన్ 192(3) కింద డీడీవోకి (జీతం బిల్లు చేసే అధికారి, ఇక్కడ మీ హెచ్ఎం గారు) ఉంది, అయితే ఆ ఆర్థిక సంవత్సరం లోపలే. ఇప్పుడు కోస్తే అది ఈ ఏడాది టీడీఎస్‌గా వెళ్లి మీ 26ఏఎస్‌లో (మీ పేరున జమైన పన్ను చూపే పత్రం) ఈ ఏడాది కిందే కనబడుతుంది, 2024-25 బాకీ మాత్రం అలాగే ఉంటుంది. డబ్బూ పోయి, టెన్షనూ మిగులుతుంది.

ఇక వడ్డీ. తక్కువ కోసినందుకు సెక్షన్ 201(1ఏ) కింద నెలకు 1 శాతం పడేది డీడీవో మీద, దాన్ని మీ జీతంలోంచి లాగడం కుదరదు. మీ మీద పడేది వేరే, ముందస్తు పన్ను తక్కువ కట్టినందుకు పడే 234బి వడ్డీ. అదీ నెలకు 1 శాతమే, బాకీ 10 వేలు గానీ అంతకు మించి గానీ ఉంటేనే. స్టాఫ్‌రూమ్‌లో ఎవరైనా రఫీక్ మసీహ్ తీర్పు ఉందిగా, రికవరీ చెల్లదు అంటే నమ్మకండి, అది పొరపాటున ఎక్కువ జీతం ఇచ్చిన కేసు, పన్నుకి పనికిరాదు.

మీరు చేయాల్సింది అప్‌డేటెడ్ రిటర్న్ (గడువు దాటాక, వదిలేసిన ఆదాయం చూపుతూ వేసేది) వేయడం. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చినా మీ 2024-25 లెక్కకి 1961 చట్టమే. 2027 మార్చి 31 లోపు వేస్తే పన్ను, వడ్డీల మీద అదనంగా 25 శాతం, ఆ తర్వాత ఏడాదైతే 50 శాతం. అంతకంటే ముందు ఫారం 10ఇ నింపండి. ఆ అరియర్స్ పాత ఏళ్లవి అయితే సెక్షన్ 89 కింద కొంత ఉపశమనం రావచ్చు, చాలామంది దీన్ని వదిలేసుకుంటారు.

కట్టాక చలానా, రిటర్న్ కాపీలు హెచ్ఎం గారికి ఇచ్చి, ఆయన ఫారం 26ఏ వేయడానికి కావాల్సిన సర్టిఫికెట్ (మీరు పన్ను కట్టేశారని) కూడా సీఏ చేత ఇప్పించండి. దాంతో ఆయన మీద పన్ను బాకీ పోయి, వడ్డీ మీరు రిటర్న్ వేసిన తేదీతో ఆగుతుంది. అది చెప్తే కాగితం కోసం మళ్లీ ఒత్తిడి చేయరనే అనుకుంటున్నాను.